పందికొక్కుకి పది రూపాయలు

మొన్న సాయంత్రం మా మనవరాలు బడినించి వస్తూనే పుస్తకాల సంచీ గుమ్మంలో పడేసి, "అమ్మమ్మా, పది రూపాయలియ్యి" అంది.

"ఎందుకే?"

"ఫైన్."

"ఏం చేసినవే తల్లీ?"

"పందికొక్కు అన్నా."

ఎవర్నీ తిట్టలేదుట. మధ్యాహ్నం అన్నాల వేళ వరండా చివర మోరీలోంచి ఓ పందికొక్కు బయటికొచ్చి, పిల్లల టిఫిను డబ్బాల మధ్యనించి పరుగెత్తిందిట. మూడో తరగతి పిల్ల, కళ్ళ ముందునించి అంత ప్రాణి దూసుకుపోతే ఏమంటుంది? "పందికొక్కు! పందికొక్కు!" అని అరిచింది. ఆ బళ్ళో తెలుగు మాట్లాడితే జుర్మానా. టీచరమ్మ దీన్ని నిలబెట్టి, అలా అనకూడదు, "బాండికూట్" అనాలి అని చెప్పి, పదిసార్లు అనిపించి, డైరీలో పది రూపాయలని రాసి పంపింది.

పది రూపాయలకి కాదుగానీ, నాకు ఒకేసారి నవ్వూ కోపమూ వచ్చాయి. ఎందుకంటారా? బాండికూట్ అన్నదీ తెలుగు మాటే.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఏ పెద్ద ఇంగ్లీషు డిక్షనరీ అయినా తీసి చూడండి. ఆక్స్‌ఫర్డు వాళ్ళదైనా సరే, అమెరికాలో అచ్చయ్యే మెరియమ్ వెబ్‌స్టర్ అయినా సరే. ఆ మాట పక్కన దాని పుట్టిల్లు రాసి ఉంటుంది. తెలుగు అని. ఆ పక్కనే మన పందికొక్కు ఇంగ్లీషు అక్షరాల్లో తోక ముడుచుకుని కూచుని ఉంటుంది.

చిన్నప్పుడు మనమంతా సమాసాలు బట్టీ పట్టినవాళ్ళమే కదా. పందికొక్కుకి విగ్రహవాక్యం చెప్పమంటే "పంది వంటి కొక్కు" అని చెప్పి, ఉపమాన పూర్వపద కర్మధారయం అని మార్కులు కొట్టేసేవాళ్ళం. కొక్కు అంటేనే పెద్ద ఎలుక. దానికి పందిని ఎందుకు తగిలించారో ఆ జంతువుని చూసినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. ఒంటి మీద బిరుసు వెంట్రుకలు, తోక కాకుండానే జానెడు పైన పొడవు, బాగా మేసినదైతే కిలో దాకా బరువు. మూలకి తరిమామంటే పందిపిల్లలా గుర్రుమంటుంది. పేరు పెట్టినవాళ్ళెవరోగానీ కళ్ళూ చెవులూ బాగా పనిచేసిన మనుషులు.

మరి ఇంగ్లీషు వాళ్ళ చేతిలో పడ్డాక ఏమైంది? వాళ్ళు సొంతంగా చేసుకున్న జంటమాటలు బ్లాక్‌బోర్డు, రైల్వే, వీకెండు ఇలాంటివి విడదీస్తే రెండు ముక్కలకీ అర్థం తెలుస్తుంది. బాండికూట్‌ని విడదీస్తే? బాండీ అంటే వాళ్ళ భాషలో వంకర కాళ్ళకి వాడే మాట. కూట్ అంటే ఒక నీటిపక్షి. కలిపితే వంకర కాళ్ళ నీటిపక్షి! ఎక్కడి పందికొక్కు, ఎక్కడి పక్షి! అసలు మన చెవికైతే బాండికూట్ అంటే బండికూతలా వినిపిస్తుంది. పుట్టినప్పటినించీ కాజీపేట జంక్షన్ రైళ్ళ కూతలు వింటూ పెరిగినదాన్ని. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నేను నిజంగానే ఇంజను కూత అనుకున్నాను.

ఇలా సముద్రం దాటిన జంటమాటలు మన దక్షిణాదినించి ఇంకా ఉన్నాయి. కేటమరాన్ అనే పడవ ఉంది కదా, అది అరవవాళ్ళ "కట్టుమరం". దుంగలు కలిపి కట్టిన తెప్ప. దొరల భోజనాల్లో మల్లిగటానీ అని ఒక సూపు ఉండేది. అది "మిళగు తణ్ణీర్", అంటే మిరియాల నీళ్ళు, మన చారు పాటిది. అరవవాళ్ళు పడవనీ చారునీ ఇచ్చారు. మనం పందికొక్కునిచ్చాం. మా ఆయన ఈ మాట విని, "ఇంతకన్నా మంచిది మనదగ్గర దొరకలేదా?" అన్నారు. నాకు మాత్రం అందులో చిన్నతనం ఏమీ కనిపించదు. పడవ సముద్రం ఒడ్డున ఉంటుంది, చారు వంటింట్లో ఉంటుంది. పందికొక్కు అయితే దొర పడకగది కిందనే ఉండేది కదా!

ఇది మనదేనని గట్టిగా ఎలా చెప్పగలం? చుట్టుపక్కలవాళ్ళని అడిగితే సరి. అరవంలో దీని పేరు పెరుచ్చాళి. కన్నడంలో హెగ్గణ. పందిని అరవవాళ్ళు పన్ఱి అంటారు, కన్నడిగులు హంది అంటారు. పందీ కొక్కూ రెండూ ఒకచోట కలిసే ఇల్లు మనదొక్కటే.

"ప" వెళ్ళి "బ" ఎందుకైందని మా మనవరాలు అడిగింది. పిల్లలు అడిగేవి మంచి ప్రశ్నలే. చిన్న కాగితం ముక్క నోటి ముందు పట్టుకుని ఇంగ్లీషువాళ్ళు పలికినట్టు "పెన్" అనండి. గాలికి కాగితం ఎగురుతుంది. అలాగే పట్టుకుని "పంది" అనండి. కదలదు. ఇంగ్లీషువాళ్ళ మాట మొదట్లో "ప" వస్తే దానితో బాటు కొంచెం ఊపిరి బయటికి వస్తుంది. మన "ప"లో ఆ ఊపిరి ఉండదు గనక వాళ్ళ చెవికి అది "బ"లా తోస్తుంది. పైగా వాళ్ళిక్కడ మన బండిని "బ్యాండీ" అని రాసుకోవడం అప్పటికే అలవాటు. తెలిసిన మాట దగ్గర ఉంటే తెలియని మాట అటే ఒరుగుతుంది. చివర కొక్కు కాస్తా వాళ్ళకి తెలిసిన కూట్ పక్షిలో కలిసిపోయి ఉంటుందని నా ఊహ. ఒరు కల్లు, అంటే ఒకే రాయి, ఏకశిల. ఆ ఓరుగల్లు కాస్తా వరంగల్ అయి కూచోలేదూ? ఇదీ అంతే.

ఇక వరంగల్లో పెరిగిన మా తరానికి పందికొక్కు అంటే డిక్షనరీ విషయం కాదు. మా అమ్మమ్మగారి ఊళ్ళో వడ్లకి గాదె ఉండేది, జొన్నలకి పాతర ఉండేది. పాతరంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. భూమిలో గుంట తవ్వి, లోపల గడ్డి పరిచి, ధాన్యం పోసి, పైన మట్టితో మూసేసేవాళ్ళు. మగవాళ్ళు ధాన్యం ఇంటికి చేర్చడంతో వాళ్ళ పని అయిపోయేది. ఆ ధాన్యం మళ్ళీ పంటదాకా రావాలంటే కాపలా ఎవరిది? ఆడవాళ్ళదే. గాదె కింద కొత్తమట్టి కనబడితే అమ్మమ్మ మొహం మాడిపోయేది. బొరియ మూతికి పగిలిన సీసాపెంకులు కుక్కి, పైన రాయి పెట్టి మట్టితో మెత్తేది. రెండు రోజులకి పక్కనించి ఇంకో బొరియ. అవి తినేది ఒక ఎత్తు, ఎత్తుకుపోయేది ఒక ఎత్తు. చేల మీద అయితే వెన్నులకు వెన్నులు కొరికి లోపలికి లాక్కుపోయి అరల్లో దాచుకుంటాయి. కోస్తా జిల్లాల్లో యానాదులు కోతలయ్యాక ఆ బొరియలు తవ్వి ధాన్యం తీసుకునేవారు. లోపలున్నవాటిని వెళ్ళగొట్టడానికి కుండలో గడ్డి రాజేసి బొరియలోకి పొగ ఊదేవారు. ఎవరినైనా ఇంట్లోంచి నెమ్మదిగా సాగనంపాలనుకుంటే "పొగబెట్టడం" అంటాం చూశారూ, ఆ మాట వెనక ఈ కుండే ఉందేమోనని నాకెప్పుడూ అనుమానం.

పాకాలా రామప్పా లాంటి కాకతీయుల నాటి చెరువులున్న దేశం మాది. చెరువుకట్టకి పందికొక్కు బొరియ పడిందంటే అది గింజల నష్టంతో పోదు. నీరు దారి చూసుకుంటే పొద్దున్నకి గండి. అందుకే మనవాళ్ళు "గాదె కింద పందికొక్కు" అన్న మాటని ఇంట్లో ఉండి ఇల్లు గుల్ల చేసేవాడికి అంటించారు. హిందీలో ఘూస్ అనే మాట ఒకటుంది. ఘూస్ అంటే పందికొక్కు, ఘూస్ అంటే లంచం! ఒకదాన్నించి ఇంకోటి పుట్టిందో, రెండూ విడిగా పుట్టి ఒకచోట కలిశాయోగానీ చక్కగా కుదిరింది.

మన ఊరి కథతో దూరపు చుట్టరికం ఉన్న పందికొక్కులు ఇంకోచోట ఉన్నాయి. 1323లో ఢిల్లీ సైన్యం తీసుకొచ్చి ఓరుగల్లు కోటని పట్టుకున్న ఉలుగ్ ఖాన్ మనందరికీ తెలుసు. మన ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు మార్చింది ఆయనే. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున ప్రాణాలు విడిచాడు. ఉలుగ్ ఖాన్ రెండేళ్ళకే మహమ్మద్ బిన్ తుగ్లక్ అన్న పేరుతో సుల్తాను అయి, ఆ తర్వాత దేవగిరికి దౌలతాబాద్ అని పేరుపెట్టి రాజధాని చేశాడు. ఆ దేవగిరి కోటలో నేరస్థుల్ని పడేసే చీకటి గుంటలుండేవి. 1333లో ఈ దేశానికొచ్చి తుగ్లక్ కొలువులో కొన్నేళ్ళు పనిచేసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, ఆ గుంటల్లో పిల్లులకన్నా పెద్ద ఎలుకల్ని చూశానని రాసుకున్నాడు. వాటిని చూసి పిల్లులే పారిపోయేవిట. ఆ గుంటలో కొన్నాళ్ళున్న ఒక పెద్దమనిషి, రాత్రుళ్ళు అవి మీద పడుతుంటే ఎలా పోరాడి బతికాడో ఆయనకి స్వయంగా చెప్పాడు. చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. అంతటి సుల్తాను జైలుకి అసలైన జైలర్లు ఎవరో చూడండి!

ఆ సంగతిని పందికొక్కు మాట కింద చేర్చింది హాబ్సన్ జాబ్సన్ అనే నిఘంటువు. యూల్ అనే ఆయనా, మద్రాసు రాజధానిలో జడ్జీ కొలువు చేసిన బర్నెల్ అనే ఆయనా కలిసి, ఇండియాలోని దొరల నోళ్ళలో నలిగిన మన మాటలన్నీ పోగుచేసి చేశారు. 1886లో అచ్చయింది. బర్నెల్ అప్పటికి నాలుగేళ్ళ క్రితమే పోయాడు, పాపం. ఆ నిఘంటువు పేరు కూడా చిత్రమే. పీర్ల పండగనాడు "యా హసన్! యా హుసేన్!" అని గుండెలు బాదుకుంటూ పోయేవాళ్ళ కేకలు తెల్లసిపాయిల చెవుల్లో పడి హాబ్సన్ జాబ్సన్ అయిందిట. వినికిడి లోపాల నిఘంటువుకి ఇంతకన్నా తగిన పేరు ఎక్కడ దొరుకుతుంది?

ఇంగ్లీషు వాళ్ళు 1611లోనే మచిలీపట్నంలో కొట్లు పెట్టారు. కొట్టు నిండా సరుకు, కొట్టు కింద పందికొక్కు. సరుకు కాపలా కాసే తెలుగువాణ్ణి "ఈ నాశనం ఎవడు చేశాడు?" అని దొర అడిగితే వాడేమని చెప్పి ఉంటాడో మనం ఊహించుకోవచ్చు. అచ్చులో మాత్రం ఈ మాట కనబడేది 1789లో. హైదర్ అలీతో జరిగిన యుద్ధంలో పనిచేసిన ఇన్నెస్ మన్రో అనే సైనికాధికారి రాసిన పుస్తకంలో. ఆయన దీన్ని కంపుకొట్టే చుంచుతో కలిపేశాడు. చుంచు వేరు, పందికొక్కు వేరు అని మన పనిమనిషి నరసమ్మనడిగినా చెప్పేది. యుద్ధం హడావిడిలో ఆయన నరసమ్మల్ని అడిగి ఉండడు లెండి. తర్వాత శాస్త్రజ్ఞులు వచ్చి 1873లో ఈ జాతికే బాండికోటా అని పేరు ఖాయం చేశారు. లాటిన్ పంచె కట్టుకున్నా మనిషి మనవాడే.

ఇంతటితో ఊరుకుంటే బాగానే ఉండేది. 1788లో ఇంగ్లీషువాళ్ళు ఆస్ట్రేలియాలో వలస పెట్టారు. అక్కడ పొడుగు మూతి పెట్టుకుని నేల తవ్వే ఒక చిన్న జంతువు కనబడింది. ఇండియాలో విన్న మాట నోట్లో ఆడుతోంది. ఆ శతాబ్దం ముగిసేలోపే దానికీ బాండికూట్ అని పేరు పెట్టేశారు. నిజానికి దానికీ మన పందికొక్కుకీ ఏ చుట్టరికమూ లేదు. అది ఎలుకే కాదు, కంగారూలాగా పిల్లల్ని సంచీలో మోసే జాతి. కాకపోతే ఆ సంచీ నోరు వెనకవైపుకి ఉంటుంది. ముందుకుంటే తల్లి నేల తవ్వినప్పుడల్లా పిల్లల నెత్తిన మట్టి పడదూ? పొడుగు ముక్కు రకానికి పన్నెండు రోజులకే కాన్పు! మనం పెసలు నానబోసి మొలకలు చూసి మరిచిపోయేలోగా అది తల్లి అయిపోతుంది.

అక్కడ ఇంకో తమాషా జరిగింది. పంది గిట్టల్లాంటి ముందుకాళ్ళున్న ఒక రకం దొరికింది. దానికి ఇంగ్లీషులో పెట్టిన పేరు తెలుగులోకి తెచ్చుకుంటే "పందికాళ్ళ పందికొక్కు" అవుతుంది. పేరులో అప్పటికే ఒక పంది ఉందని తెలియక ఇంకో పందిని తెచ్చి కట్టారు. 1838లో దానికి శాస్త్రీయ నామం పెట్టేటప్పుడు "తోకలేనిది" అని అర్థం వచ్చేలా పెట్టారు. చేతికందిన ఒక్క నమూనాకీ తోక ఊడిపోయి ఉందిట! ఒక తప్పుపేరు మీద ఇంకో తప్పుపేరు. ఆ జంతువు పాపం ఇప్పుడు లోకంలోనే లేదు. ఇరవయ్యో శతాబ్దంలో అంతరించిపోయింది. మిగిలింది పేరొక్కటే, అందులో మన రెండు ముక్కలూ.

కానీ నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. ఆస్ట్రేలియావాళ్ళు బాండికూట్‌ని క్రియగా కూడా వాడతారు. పైన మొక్క నిలబెట్టినట్టే ఉంచి, కిందనించి చేత్తో తవ్వి పక్కవాడి ఆలుగడ్డలు కాజెయ్యడాన్ని "బాండికూట్ చెయ్యడం" అంటారు. చూశారా! ఒక్క తెలుగు ముక్క రానివాళ్ళు, వేరే జంతువుని చూసి, మన గాదె కింద పందికొక్కు దగ్గరికే వచ్చారు. మాట అర్థాన్ని ఒడ్డున వదిలేసి ఓడెక్కినా, బుద్ధి మాత్రం వెంట తీసుకుపోయింది.

ఈ కాలం పిల్లలకి బాండికూట్ అంటే 1996లో వచ్చిన వీడియో ఆటలో గంతులేసే బొమ్మ. అదీ ఆస్ట్రేలియా రకమే. ఇంకొకటి మన దగ్గరిదే. 2018లో తిరువనంతపురంలో కొందరు యువ ఇంజనీర్లు మురుగు మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే మరమనిషిని తయారుచేసి, దానికి బాండికూట్ అని పేరు పెట్టారు. మనిషిని ఆ గోతుల్లోకి దింపకూడదని 2013లో చట్టం వచ్చింది. వచ్చాక కూడా దిగారు, ఊపిరాడక చచ్చిపోయారు. వాళ్ళకి బదులు దిగే యంత్రానికి ఆ పేరు పెట్టడం నాకు చాలా బాగుంది. మనం తిట్టుగా వాడే మాటకి ఇంత మర్యాద ఇంతకుముందు దొరకలేదు.

ఇదంతా మా మనవరాలికి అన్నం కలిపి పెడుతూ చెప్పాను. "మరి నేను రెండుసార్లూ తెలుగే మాట్లాడినట్టా అమ్మమ్మా?" అంది. పిల్ల చురుకైనదే.

రాత్రి డైరీ తీసి పది రూపాయల నోటు పిన్ను పెట్టి, కింద నాలుగు ముక్కలు రాశాను. టీచరమ్మకి ఇబ్బంది లేకుండా ఇంగ్లీషులోనే రాశాను. "అమ్మా, పందికొక్కు అన్నందుకు పది రూపాయలు పంపుతున్నాను. మీరు పదిసార్లు అనిపించిన బాండికూట్ కూడా తెలుగే గనక, ఆ వంద రూపాయలు ఎవరు కట్టాలో తెలియజేయగలరు. సందేహముంటే ఏ డిక్షనరీ అయినా చూడండి." రాశాక కాస్త ఎక్కువైందేమో అనిపించింది. మా అమ్మాయి చూసి, "నీకెందుకమ్మా, రేపు దానిమీద చూపిస్తారు" అని భయపడింది. అయినా చించెయ్యలేదు.

మర్నాడు డైరీలో జవాబు ఏమీ లేదు. నోటు మాత్రం అలాగే పిన్ను పెట్టి వెనక్కొచ్చింది.

మూడో రోజు పొద్దున్నే ఫోను మోగింది. టీచరమ్మే. చిన్నపిల్ల గొంతు, పాతికేళ్ళు కూడా ఉండవు. డిక్షనరీ చూశానండీ అంది, తనకి తెలియదని అంది, రూలు తను పెట్టింది కాదని కూడా అంది. కొంచెం సేపు ఇద్దరం ఏం మాట్లాడాలో తెలియక ఊరుకున్నాం. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మా, మీ ఇంట్ల పెద్ద బోను ఉందని పాప చెప్పింది. ఒక రెండు రోజులిస్తరా? స్టాఫ్ రూముల బీరువా కింద పందికొక్కు దూరింది, నోటుబుక్కులన్నీ కొరికి పెట్టింది" అంది.

అటక మీంచి బోను దింపించి, తలుపు సరిగ్గా పడుతోందో లేదో చూసి, ఎండుకొబ్బరి ముక్క ఒకటి కాయితంలో చుట్టి లోపల పెట్టి, పిల్లని దిగబెట్టే ఆటోలో పంపించాను.